చంపేస్తానన్న మాట

మా అమ్మ పొద్దున్నే లేచింది మొదలు ఎవరినో ఒకరిని చంపుతూనే ఉండేది. పాలు ఒలకబోస్తే నా కూతుర్ని చంపేస్తాననేది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే మా తమ్ముడు ఎఫ్రెన్‌ని చంపేస్తాననేది. నాకు ముప్పై దాటాక కూడా, చలికోటు వేసుకోకుండా గడప దాటబోతే నన్నూ చంపేది. పక్కింటివాళ్ళ పిల్లినీ వదల్లేదు. నా మాజీ మొగుడు గారెట్ ఈ ఇంటి అల్లుడుగా ఉన్నన్నాళ్ళూ, రెండో రొట్టె వద్దన్నప్పుడల్లా మా అమ్మ చేతిలో చచ్చాడు. చచ్చి, ఆ రొట్టె తిని, మూడోది అడిగేవాడు.

మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఆ మాట వినపడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ మాట లేకపోతే కూరలో ఉప్పు లేనట్టే ఉంటుంది. దాని అర్థం చంపడం కాదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తెలియనివాళ్ళుంటారనీ, మా బతుకు వాళ్ళ చేతిలో పడుతుందనీ మాకే తెలియలేదు.

ఆ ఏడు మా ఊరు ప్వెబ్లోలో మిరపకాయలు ముందే దిగాయి. జూలై ఆఖరుకే రోడ్ల పక్కన ఇనప జల్లెడ పీపాలు తిరగడం మొదలైంది. కింద మంట, లోపల పచ్చిమిరపకాయలు, ఊరంతా కాల్చిన వాసన. ఆ వాసన వస్తే మా ఊళ్ళో ఎవరికీ వేరే పని మీద మనసు నిలవదు. సరిగ్గా ఆ వారమే గారెట్ కోర్టుకి వెళ్ళాడు. తనకి నెబ్రాస్కాలో ఉద్యోగం వచ్చిందట. అక్కడ వాళ్ళమ్మ ఇల్లు పెద్దదట. నయేలిని బడి ఉన్నన్నాళ్ళూ తన దగ్గరే పెట్టుకుంటాడట.

నయేలి మా కూతురు. అప్పటికి దానికి ఆరేళ్ళు. మేం విడిపోయిన దగ్గర్నుంచి నా దగ్గరే, అంటే మా అమ్మ ఇంట్లో పెరుగుతోంది. శని, ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళొచ్చేది.

గారెట్ చెడ్డవాడని చెప్పేస్తే నాకు హాయిగా ఉంటుంది కానీ, అలా చెప్పలేను. నన్ను ప్రేమించే రోజుల్లో "నా మిరపకాయా" అని పిలిచేవాడు. స్నేహితులకి నన్ను పరిచయం చేస్తూ, "జాగ్రత్త, ఈవిడకి కోపమొస్తే ఊరు తగలబడుతుంది" అనేవాడు. నిజానికి మా ఇంట్లో అందరికంటే నెమ్మదైన మనిషిని నేనే. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం ఎంత వెలిగిపోయేదంటే, పోనీలే అని అప్పుడప్పుడూ కోపం తెచ్చుకునేదాన్ని. పెళ్ళయిన కొన్నేళ్ళకి అదే మాట గొడవల్లో వినపడింది. మిరపకాయ కోసం వచ్చినవాడికి కారం ఎక్కువైంది.

ఆ మాటకొస్తే, నేనెవరో నాకంటే ముందు ఊళ్ళోవాళ్ళకే తెలిసిపోతుంది. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. అద్దాలు సరిచేసి ఇస్తుంటే, "మీ ఇంగ్లీషు ఎంత బాగుందో" అంటారు. నాకు వేరే భాష సరిగ్గా రాదు. వంటింటి స్పానిష్ తప్ప, అదీ మా అమ్మ నవ్వేంత. "మీది ఏ దేశం?" అని అడిగితే ఈ ఊరేనంటాను. "అది కాదు, అసలు?" అంటారు. మా ముత్తాత పుట్టింది ఇక్కడికి రెండు వీధుల అవతల. ఒక్కతే కూతురంటే, "ఒక్కతేనా?" అని ఆశ్చర్యపోతారు, మిగతా పిల్లల్ని ఎక్కడో దాచినట్టు.

నయేలికి తండ్రి రంగు వచ్చింది, ఆ నీలి కళ్ళూ వచ్చాయి. పార్కులో దాన్ని ఉయ్యాల ఊపుతుంటే ఒకావిడ వచ్చి, "పాప నీకు బాగా చేరికైందే. ఇంకో ఇంట్లో కూడా పని చేస్తావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నయేలి, "మా అమ్మ మా ఇంట్లోనే చెయ్యదు, అన్నీ అమ్మమ్మే చేస్తుంది" అంది. ఆ పూటకి నవ్వుకున్నాను.

నాకు దొరికిన లాయరు పేరు బెర్నాల్. మా వాళ్ళ పిల్లే, నాకంటే కొంచెం పెద్దది. మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఆ చెవులకి రింగులు తీసెయ్యండి" అంది.

"రింగులకేమైంది?"

"రింగులకేం కాలేదు. చూసేవాళ్ళకే ఏదో అవుతుంది. ఆ ఎర్ర లిప్‌స్టిక్ కూడా వద్దు. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పకండి. గొంతు పెంచకండి."

"నేనిప్పుడు అరుస్తున్నానా?"

"లేదు, మామూలుగానే మాట్లాడుతున్నారు. మనకి మామూలు. కోర్టు పంపించే ఆవిడకి అరుపు."

"మరెలా ఉండమంటారు, బొమ్మలాగానా?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండి నోయెమీ, ఈ కోర్టులోకి నేను మొదటిరోజు అడుగు పెట్టినప్పుడు దుబాసీ కూర్చునే కుర్చీ చూపించారు. ఏళ్ళు గడిచాయి. మొన్న కొత్త బంట్రోతు వచ్చి మళ్ళీ అదే కుర్చీ చూపించాడు. నేను కోప్పడ్డానా? థాంక్స్ చెప్పి నా కుర్చీలో కూర్చున్నాను. మీకు మీ పిల్ల కావాలా, కోపం కావాలా?"

పిల్లే కావాలన్నాను. రింగులు అక్కడే తీసి సంచిలో వేసుకున్నాను.

కోర్టు పంపించే ఆవిడ అంటే మిసెస్ హాల్వర్సన్. తల్లినీ తండ్రినీ వాళ్ళ ఇళ్ళనీ చూసి, పిల్ల ఎక్కడుంటే మంచిదో జడ్జికి చెప్పడం ఆవిడ పని. ముందు నన్ను తన ఆఫీసుకి పిలిపించింది. అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అడిగినదానికి అడిగినంతే చెప్పాను. కూతురు దూరమైతే ఎలా ఉంటుందని అడిగింది. బెర్నాల్ మాట గుర్తొచ్చి, రాబోయిన ఏడుపు మింగేసి, "కష్టంగా ఉంటుందండి" అన్నాను. ఆవిడ తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది. బయటికొచ్చాక చూసుకుంటే చేతులు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి.

తర్వాత ఇంటికొస్తానంది, శనివారం. ఆ వారానికి నయేలిని వాళ్ళ నాన్న దగ్గరికి పంపొద్దంది.

ఆ శనివారానికి మేం చేసిన హడావుడి పెళ్ళిళ్ళకి కూడా చెయ్యలేదు. నయేలి పుట్టిన దగ్గర్నుంచి అమ్మమ్మ పక్కలోనే పడుకునేది. అలా ఉండకూడదు, పిల్లకి విడిగా మంచం కనపడాలని బెర్నాల్ చెప్పింది. ఎఫ్రెన్ గులాబీరంగు మంచం కొనుక్కొచ్చి బిగించాడు. నయేలి దాని మీద తన బొమ్మలన్నిటినీ పడుకోబెట్టి, తను యథాప్రకారం అమ్మమ్మ దుప్పట్లో దూరింది.

ఈలోగా, పొలం నుంచి మా మిరపకాయల బస్తా కూడా ఆ శనివారమే వచ్చిపడింది. కాల్పించుకు రావడం, వేడి మీద తొక్క వొలవడం ఆ రోజే జరగాలి.

"ఇంకో రోజు చేసుకుందామే అమ్మా" అన్నాను.

"మిరపకాయ నీ దొరసాని కోసం ఆగుతుందా? రానీ. వచ్చి చూడనీ. ఇంట్లో పని చేసుకునేవాళ్ళని చూసి ఎవరైనా తప్పుపడతారా?"

అమ్మ ధైర్యం అది. మనం శుభ్రంగా ఉంటే, కష్టపడితే, అతిథికి పెట్టి పంపిస్తే లోకం మంచిగానే చూస్తుందని అరవై ఏళ్ళొచ్చినా నమ్మేది.

మిసెస్ హాల్వర్సన్ ఒంటరిగా రాలేదు, దుబాసీని వెంటబెట్టుకొచ్చింది. చెమటలు కక్కుతున్న కుర్రవాడు, మెడలో గుర్తింపు కార్డు. నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను కదండీ, ఆఫీసులో మాట్లాడాను కదా అన్నాను. "మీ సౌకర్యం కోసమే" అని నవ్వింది. మంచి నవ్వు. ఆవిడ మమ్మల్ని ద్వేషించిందని ఇప్పటికీ అనుకోను. గోడ మీద ఫోటోలు చూసి, "మీ వాళ్ళలో కుటుంబమంటే ఎంత ప్రేమో" అంది. వెంటనే, "ఈ ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు?" అని కూడా అడిగింది. నలుగురమే అన్నా గుమ్మం దగ్గర చెప్పుల వంక మరోసారి చూసింది.

పెరట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. పొగలు కక్కుతున్న మిరపకాయలు మధ్యలో రాశిగా పోసి ఉన్నాయి. అమ్మ చేతులు ఆడుతూనే ఉన్నాయి. నయేలి తనూ వొలుస్తానని మారాం చేసి బల్ల ఎక్కింది. నేను హాల్వర్సన్‌కి బడి సంగతులు చెబుతున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు. అప్పుడే నయేలి ముఖం మీద పడ్డ జుట్టు తోసుకోబోయి ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంది.

ఒక్కసారిగా కెవ్వుమంది. అమ్మ కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "చంపేస్తాను నిన్ను. కళ్ళు ముట్టుకోవద్దన్నానా లేదా? చెప్పానా లేదా? ఎఫ్రెన్, పాలు తీసుకురారా. కదలవేం, నిన్నూ చంపుతాను." ఇదంతా స్పానిష్‌లో, ఊరికి వినపడేలా. అంటూనే పిల్లని చంకనేసుకుని, ఏప్రన్‌తో చేతులు తుడిచి, ఎఫ్రెన్ తెచ్చిన పాలతో కళ్ళు కడిగి, నుదురు మీద ముద్దు పెట్టి, "ఎక్కడే మంట, ఇక్కడా, ఇక్కడా" అంటోంది. నయేలి ఏడుపు ఎక్కిళ్ళలోకి, ఎక్కిళ్ళు నవ్వులోకి దిగాయి. మేమూ నవ్వాం. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కళ్ళు నులుముకుంటారు. ఆ ఏడు దాని వంతు.

మిసెస్ హాల్వర్సన్ నవ్వలేదు. దుబాసీ వైపు చూసింది. ఆ కుర్రవాడు మా అమ్మ వంక చూశాడు, బల్ల వంక చూశాడు. వాడి ఇంట్లోనూ ఒక అమ్మమ్మ ఉండి ఉంటుంది. కానీ ఉన్నదున్నట్టు చెప్పడం వాడి ఉద్యోగం.

"నిన్ను చంపేస్తాను, అంటోందండి" అన్నాడు.

"అది అలా కాదండి, అది ఊరికే అనే మాట" అన్నాను. నా చేతులు ఎప్పుడు గాల్లోకి లేచాయో నాకే తెలియదు. గొంతు కూడా లేచిందట. తర్వాత కోర్టులో తెలిసింది.

ఆవిడ నయేలిని గులాబీరంగు మంచం ఉన్న గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి కాసేపు మాట్లాడింది. వెళ్ళేటప్పుడు అమ్మ డబ్బా నిండా మిరపకాయలు పెట్టి ఇచ్చింది. ఆవిడ తీసుకోకూడదంది, రూల్స్ ఒప్పుకోవంది. అమ్మ ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నయేలి హుషారుగా ఉంది. పెద్దవాళ్ళు ఎవరూ అంత శ్రద్ధగా దాని మాటలు విని ఉండరు.

"ఏమడిగారే?" అన్నాను.

"అమ్మమ్మ నన్ను రోజూ చంపుతానంటుందా అని."

"నువ్వేమన్నావు?"

"రోజూ కాదు, రోజుకి బోలెడుసార్లు అన్నాను. మామయ్య కూడా అంటాడన్నాను. నువ్వు కూడా అంటావు కదమ్మా, అది కూడా చెప్పాను."

ఎఫ్రెన్ ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

"తర్వాత?"

"అన్నాక ఏం చేస్తారు అంది. రొట్టె పెడతారన్నాను." నయేలి మా ముఖాలు మార్చి మార్చి చూసింది. "కరెక్టే కదా?"

"కరెక్టే తల్లీ" అంది అమ్మ. ఇంకో రొట్టె కాల్చడానికి లేచి, పొయ్యి ముందు అటు తిరిగి నిలబడింది.

బడులు తెరవకముందే కేసు తేలిపోవాలని తొందరగా పిలిచారు. అమ్మ చర్చికి వేసుకునే నల్ల గౌను వేసుకుని నా వెనక వరసలో కూర్చుంది. లోపలికి వెళ్ళేముందు వరండాలో గారెట్ తన లాయరు మీద గట్టిగా అరిచాడు, ఏదో ఆలస్యమైందని. గోడకి చరిచాడు కూడా. పోలీసు వచ్చి భుజం తట్టి, "పిల్లల విషయమంటే ఎవరికైనా అంతే బాబూ" అని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నేనో మా అమ్మో ఆ గోడని చరిచి ఉంటే మంచినీళ్ళు వచ్చేవి కావు.

మిసెస్ హాల్వర్సన్ మెత్తగానే చెప్పింది. తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదని ఆవిడ అనదట. కానీ ఆఫీసులో చూసినప్పుడు తల్లి బిగుసుకుపోయి, ముభావంగా, కూతురు దూరమవుతుందన్నా చలనం లేకుండా ఉందట. ఇంట్లో చూస్తే అరుపులు, కేకలు. ఈ రెంటిలో అసలు మనిషి ఎవరో తేలలేదట. ఇల్లు చాలా వేడిగా ఉందంది. ఎండాకాలం గురించి కాదని అందరికీ అర్థమైంది.

బెర్నాల్ లేచింది. "చంపేస్తామన్నాక ఏం చేస్తారని పాపని అడిగారు కదా. ఏం చెప్పింది?"

"రొట్టె పెడతారంది."

"అది వింటే మీకేమనిపించింది?"

"ముందు భయపెట్టడం, తర్వాత తిండి పెట్టి బుజ్జగించడం. ఇలాంటి ఇళ్ళలో తరచూ చూస్తుంటాం."

బెర్నాల్ కాగితాలు మూసి కూర్చుంది. అంతవరకూ రొట్టె ఒక్కటీ మమ్మల్ని కాపాడుతుందని అనుకున్నాం.

జడ్జి పెద్దాయన. పాపం, ఆయనకి కూడా ఎక్కడో అనుమానం వచ్చినట్టుంది. గారెట్ వైపు తిరిగి అడిగాడు. "మీరు ఆ ఇంట్లో కొన్నేళ్ళు కలిసి ఉన్నారు కదా. ఆ మాట మీకెలా అనిపించేది? పిల్లకి ప్రమాదం ఉందని ఎప్పుడైనా అనుకున్నారా?"

గారెట్ బల్ల వంక చూశాడు. తర్వాత తలెత్తి, నన్ను దాటి, వెనక కూర్చున్న మా అమ్మని చూశాడు. అమ్మ వాడికి చిన్నగా తల ఊపింది, చెప్పు బాబూ అన్నట్టు. నా గుండెలో కూడా ఆశ పుట్టింది. ఎంతైనా ఆ చేతి రొట్టె తిన్నవాడు.

"వాళ్ళు ఎప్పుడు సరదాకి అంటారో, ఎప్పుడు నిజంగా అంటారో, నాకెప్పుడూ తెలిసేది కాదండి" అన్నాడు.

అమ్మకి చెవులు సరిగా వినపడవు. ముందుకి వంగి నా భుజం తట్టింది. "ఏమన్నాడే?"

"తెలియదన్నాడు."

"ఏం తెలియదట?"

నేను అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. లేచి ఆ కోర్టు పైకప్పు ఎగిరిపోయేలా అరవాలనిపించింది. అరిస్తే, చూశారా అంటారు. అరవకపోతే, చలనం లేదంటారు. ఎటు తిరిగినా నా కోసం ముందే కట్టి ఉంచిన గోడే కనపడింది.

నయేలిని బడి ఉన్నన్నాళ్ళూ తండ్రికి ఇచ్చారు. నెలకోసారి శని, ఆదివారాలు మాకు. అదీ, అమ్మమ్మ దగ్గర పిల్లని ఒంటరిగా వదలకూడదని ఒక షరతు పెట్టి. ఆ ముక్క అమ్మకి చెప్పడానికి నాకూ ఎఫ్రెన్‌కీ రెండు రోజులు పట్టింది. చెబితే, "ఒంటరిగానా, నా దగ్గరా" అంది. ఆ పూట నుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ చంపలేదు. ఎఫ్రెన్ కావాలనే తడి తువ్వాలు మంచం మీద పడేసి చూశాడు. అమ్మ తీసి ఆరేసింది.

మిరపకాయల కాలం అయిపోవస్తుండగా, సెప్టెంబరు ఆఖరులో నయేలి మొదటిసారి వచ్చింది. అంత దూరం కార్లో వాళ్ళ నాన్నే తెచ్చి దించాడు. అమ్మ ఆఖరి బస్తా దానికోసమే ఆపి ఉంచింది. పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించారు. అక్కడ తనకి పెద్ద మంచం ఉందనీ, రాత్రిళ్ళు దీపం తీసేస్తారనీ చెప్పింది. ఇంట్లో ఎవరూ అరవరంది. అది పొగడ్తో కంప్లయింటో దానికే తెలిసినట్టు లేదు.

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బల్ల చుట్టూ మళ్ళీ కూర్చున్నాం. నేను అక్కడి నుంచి కదలకూడదు కాబట్టి మంచినీళ్ళకి కూడా లేవలేదు. అమ్మ ఇంగ్లీషులోనే మాట్లాడింది. టీవీలో ఆడవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు, ప్లీజులూ హనీలూ పెట్టి, ఒక్కో మాటా ఏరి ఏరి. నెలరోజులుగా వంటింట్లో తనలో తను అనుకుంటుంటే విన్నాను, ఇందుకని అనుకోలేదు.

నయేలి గ్లాసు తట్టేసి పాలు ఒలకబోసింది. అమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. "ఫరవాలేదు హనీ" అంది.

నయేలి అమ్మమ్మ ముఖంలోకి చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక రెండో గ్లాసు, చూస్తుండగానే, ఒక వేలితో మెల్లగా తోసింది. అమ్మ మళ్ళీ తుడిచింది. అప్పుడా పిల్ల మిరపకాయ వొలిచిన చెయ్యి ఎత్తి, కంటి దగ్గరగా తెచ్చి, అక్కడే ఆపింది.

"వద్దు హనీ, ప్లీజ్" అంది అమ్మ. కుర్చీ అంచుకి జరిగింది కానీ లేవలేదు.

నయేలి కళ్ళు నులుముకుంది.

ఈసారి కేక వెయ్యలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, ఎదురుచూసింది. అమ్మ నా వంక చూసింది. నేను ఏ సైగా చెయ్యలేకపోయాను. ఎఫ్రెన్ పాలు తెచ్చాడు. అమ్మ దాని కళ్ళు కడిగింది, నోట్లోంచి ఒక్క మాట రానివ్వకుండా.

గారెట్ సాయంత్రం వచ్చాడు. దిగకుండా హారన్ కొట్టాడు. సంచి సర్ది, చెప్పులు తొడిగి, కారు దాకా అందరం వెళ్ళాం. నయేలి లోపలికి ఎక్కబోయి వెనక్కి తిరిగింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. స్పానిష్‌లో, గారెట్‌కీ అర్థమయ్యేంత తేట మాటల్లో అడిగింది.

"అమ్మమ్మా, నన్నింక చంపవా?"

అమ్మ కారు కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న గారెట్‌ని చూసింది. వాడు ముందుకే చూస్తున్నాడు.

"లేదు హనీ" అంది ఇంగ్లీషులో. "ఎప్పటికీ."

దాంతో ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మిరపకాయ మంటకి ఏడవనిది, ఆ మాటకి ఏడ్చింది. గారెట్ కారు అద్దాలు పైకెత్తాడు. కారు మలుపు తిరిగేదాకా దాని నోరు తెరిచి ఉండటం కనపడింది, ఏడుపు వినపడలేదు.